క్రూమ్ బంగళాకి వెళ్తే చర్చి నుంచి మొదలుపెట్టండి: ఒక రోజు పర్యటనకి సమగ్ర మార్గదర్శి

పాత బంగళాలు చూడటంలో మనవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. కారు దిగి టికెట్ కొంటాం. గదిగదీ తిరిగి సోఫాలూ మంచాలూ చూస్తాం. మెట్ల మీద నిలబడి ఫొటో దిగి, టీ తాగి వచ్చేస్తాం. ఇంగ్లండ్‌లో చాలా బంగళాలకి ఈ పద్ధతి సరిపోతుంది కానీ క్రూమ్ దగ్గర పనిచేయదు. అక్కడ సోఫాలు లేవు. కొన్ని గదుల్లో గోడలూ పైకప్పూ తప్ప ఏమీ ఉండవు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నేరుగా బంగళాలోకి దూరి, ముప్పావుగంటలో బయటికొచ్చి, "ఇందుకా ఇంత దూరం వచ్చింది" అని సణుక్కున్నాను. రెండోసారి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, సరైన వరుసలో నడిచాను. ఆ రోజు చీకటి పడేదాకా మాకు బయటికి రాబుద్ధి కాలేదు. ఆ వరుస ఏమిటో చెప్పడానికే ఇదంతా.

క్రూమ్ ఇంగ్లండ్‌లోని వూస్టర్‌షైర్‌లో ఉంది. వూస్టర్ ఊరికి దక్షిణంగా సుమారు 14 కిలోమీటర్లు. మన తెలంగాణ మాటలో చెప్పాలంటే అదొక పెద్ద గడీ. చుట్టూ వందల ఎకరాల పచ్చిక, మనుషులు తవ్విన నది, గుట్ట మీద చర్చి. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి కార్లో గంట లోపు ప్రయాణం.

వెళ్ళేముందు తెలుసుకోవాల్సిన కథ

కాస్త కథ తెలియకుండా వెళ్తే మీకు కనిపించేది గడ్డి మాత్రమే. కనుక ఈ భాగం దాటేయకండి.

క్రూమ్ కోవెంట్రీ అనే కుటుంబానిది. ఆ ఇంటిపెద్దకి వంశపారంపర్యంగా ఎర్ల్ అనే బిరుదు వచ్చేది. 1751లో ఆరో ఎర్ల్‌కి ఎస్టేట్ చేతికొచ్చేసరికి అది చిత్తడి నేల. సెవెర్న్, ఏవన్ నదుల మధ్య పల్లం, కింద జిగట బంకమట్టి, వాన పడితే నీళ్ళు కదలవు. ఆయన పిలిపించినది లాన్సెలాట్ బ్రౌన్‌ని. అప్పటికి బ్రౌన్‌కి 35 ఏళ్ళు. స్టో అనే మరో పెద్ద ఎస్టేట్‌లో తోటమాలిగా పనిచేసి బయటికొచ్చి, సొంతంగా పని మొదలుపెడుతున్నవాడు. ఏ జమీందారు స్థలం చూసినా "దీనికి మంచి కేపబిలిటీ ఉంది" అనేవాడట, అలా ఆయనకి కేపబిలిటీ బ్రౌన్ అనే పేరు స్థిరపడిపోయింది. తర్వాత ఇంగ్లండ్ అంతటా ఎన్నో ఎస్టేట్లు ఆయన చేతిమీదుగా మారాయి. వాటిలో ఆయన మొదటినుంచి చివరిదాకా సొంతంగా రూపం దిద్దిన మొదటి పెద్ద పని క్రూమ్.

ఆయన చేసిందేమిటంటే, నేల కింద ఇటుకలతో కాలువలు కట్టి చిత్తడినంతా ఎండబెట్టాడు. ఆ నీళ్ళని ఒక చెరువులోకీ, నదిలా వంపులు తిరిగే పొడవాటి కాలువలోకీ మళ్ళించాడు. ఆ 'నది' సుమారు మూడు కిలోమీటర్లు. యంత్రాలు లేని కాలం, తవ్విందంతా పలుగూ పారా పట్టుకున్న కూలీలు. పాత ఇంటికి కొత్త రాతి తొడుగు వేశాడు. ఇంటిని ఆనుకుని ఉన్న పాత చర్చిని పడగొట్టించి, గుట్ట మీద కొత్తది కట్టాడు. చూపుకి అడ్డొచ్చే పల్లె ఇళ్ళని కూడా అక్కణ్ణుంచి తరలించారు. జమీందారు కిటికీలోంచి కనిపించే దృశ్యం కోసం ఊరు కదిలిపోవాలి మరి! ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆ అందమైన పచ్చిక నాకు కాస్త గుచ్చుకుంటుంది.

ఇంటి లోపలి అలంకరణకి 1760 నుంచి రాబర్ట్ ఆడమ్ అనే వాస్తుశిల్పి వచ్చాడు. ఈ ఇద్దరి పేర్లు గుర్తుంచుకోండి చాలు. బయట ఏది కనిపించినా చాలావరకు బ్రౌన్, లోపల ఏది కనిపించినా చాలావరకు ఆడమ్.

ఎప్పుడు, ఎలా, ఎంతసేపు

పార్కు ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ తెరిచే ఉంటుంది. బంగళా లోపలికి మాత్రం వేళలు తక్కువ, కాలాన్నిబట్టి మారుతుంటాయి. బయలుదేరే ముందు రోజు, క్రూమ్‌ని చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో క్రూమ్ పేజీ తెరిచి, పార్కు వేళలు కాకుండా బంగళా వేళలు ఏమిటో విడిగా చూడండి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

నన్నడిగితే రెండు కాలాలు. ఏప్రిల్ చివర నుంచి మే దాకా ఒకటి, అక్టోబర్ మధ్యలో ఆకులు రంగు మారేటప్పుడు ఒకటి. జూలై, ఆగస్టుల్లో స్కూలు సెలవులు కనుక పిల్లలతో కిటకిటలాడుతుంది. చలికాలంలో వెళ్ళొచ్చు, చెట్లకి ఆకులు రాలిపోయి కట్టడాలన్నీ దూరం నుంచే కనిపిస్తాయి. కానీ బురద ఉంటుంది. బ్రౌన్ ఎంత ఎండబెట్టినా ఆ బంకమట్టి తన గుణం పూర్తిగా మానుకోలేదు. చీలమండదాకా వచ్చే బూట్లు, వాన కోటు ఏ నెలలోనైనా కార్లో పెట్టుకోండి. చీర కట్టుకొచ్చే పెద్దవాళ్ళకి కుచ్చిళ్ళు కాస్త పైకి కట్టుకోమని ముందే చెప్పండి. మా అమ్మ వినలేదు.

కార్లో అయితే ఎం5 మోటర్‌వే మీద 7వ జంక్షన్ దగ్గర దిగి ఏ38 పట్టుకుంటే సరిపోతుంది. రైలు మీద వచ్చేవాళ్ళు వూస్టర్‌లోగానీ, 2020లో తెరిచిన వూస్టర్‌షైర్ పార్క్‌వే స్టేషన్‌లోగానీ, పెర్షోర్‌లోగానీ దిగి టాక్సీ మాట్లాడుకోవాలి. టాక్సీని తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట్లాడేసుకోండి. అక్కడ సాయంత్రం రోడ్డు మీద నిలబడితే ఆటో వచ్చి ఆగదు.

టికెట్ విషయానికొస్తే, ట్రస్ట్ సభ్యులకి ప్రవేశం ఉచితం. ఈ దేశంలో నివసిస్తూ ఏడాదికి మూడు నాలుగు చోట్లకి వెళ్ళే కుటుంబమైతే సభ్యత్వం తీసుకోవడమే లాభం. మెంబర్‌షిప్ అమ్మేవాళ్ళు గేటు దగ్గరే మొహమాటపెడతారు కనుక, ఆ లెక్క ఇంట్లోనే వేసుకుని వెళ్ళండి.

రోజంతా కేటాయించండి. తప్పనిసరైతే నాలుగు గంటలు. అంతకంటే తక్కువ ఉంటే బంగళా వదిలేసి చర్చి, నది చూడండి. ఈ మాట విని ఆశ్చర్యపోతారేమో, అక్కడికెళ్ళాక ఒప్పుకుంటారు.

మొదటి మెట్టు: రిసెప్షన్ దగ్గర

మీరు టికెట్ తీసుకునే చోటు బంగళా కాదు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో వైమానిక దళంవాళ్ళు కట్టుకున్న ఆసుపత్రి షెడ్లు. ఇటుక గోడలు, రేకుల ఇళ్ళ వాలకం. అక్కడి క్యాంటీన్ కూడా 1940ల నాటి తీరులోనే ఉంటుంది. దీని సంగతి చివర చెప్తాను. ఇప్పుడు మాత్రం లోపల తిరగకుండా మూడు పనులు చేయండి. ఒకటి, మ్యాపు కాగితం తీసుకోండి, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకండి. రెండు, అందరూ బాత్రూమ్‌కి వెళ్ళిరండి, తర్వాతిది పది పదిహేను నిమిషాల నడక దూరంలో బంగళా దగ్గర. మూడు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే బంగళాదాకా తీసుకెళ్ళే చిన్న బండి ఆ రోజు నడుస్తోందా అని అడగండి. అడగడానికి సిగ్గుపడొద్దు. నడవగలిగినవాళ్ళకి మాత్రం ఆ బండి వద్దంటాను, ఎందుకో కింద చూడండి.

రెండో మెట్టు: చర్చి, అక్కడి గుట్ట అంచు

షెడ్ల దగ్గర నుంచి చెట్ల మధ్యగా ఒక దారి పోతుంది. పొదలు దగ్గరగా ఉంటాయి, దూరం ఏమీ కనపడదు. కావాలనే అలా ఉంచారు. ఆ నీడ చివర చర్చి ఎదురవుతుంది. సెయింట్ మేరీ మాగ్దలీన్ పేరున్న ఈ చర్చిని 1763లో ప్రతిష్ఠించారు. పాత చర్చి ఇంటి పక్కనే ఉండి చూపుకి అడ్డమైతే, ఈ కొత్తది గుట్ట మీద నిలబడి చూపుకి ఆనవాలయింది. బంగళా కిటికీలోంచి చూస్తే దాని గోపురమే కంటికి ఆనుతుంది.

బయటి నుంచి చూస్తే మధ్యయుగాల నాటి చర్చి అనిపిస్తుంది. కోణపు కమానులు, చదరపు గోపురం. నిజానికి అది పాతదనం తొడుక్కున్న కొత్త భవనం. లోపలికి వెళ్తే తెల్లటి గోడలు, పైకప్పు మీద సున్నితమైన గచ్చు పని. రోమన్ శైలికి పేరుపడ్డ ఆడమ్, ఇక్కడ కోణపు కమానుల గోథిక్ శైలిని ఎంత తేలికగా, పెళ్ళిపందిరంత ముచ్చటగా చేశాడో చూడండి. భయపెట్టే చర్చి కాదిది. వేదికవైపు మాత్రం బరువు మొదలవుతుంది. పడగొట్టిన పాత చర్చిలోంచి కోవెంట్రీల సమాధులని తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. వాటిలో రాజముద్రని కాపాడే పదవి చేసి 1640లో చనిపోయిన థామస్ కోవెంట్రీది ఒకటి. సమాధుల పాలరాతి ముడతలు, వేళ్ళు, చేతి అంచుల లేసు చూడటానికి దగ్గరగా వెళ్ళండి, ముట్టుకోకండి. చేతి చెమట పాలరాతికి శత్రువు.

మర్యాదల గురించి ఒక మాట. చెప్పులు విప్పాల్సిన పని లేదు. మా నాన్న అలవాటుగా గుమ్మంలోనే విప్పేసి, ఏప్రిల్ నెల రాతి నేల మీద రెండడుగులు వేసి, మళ్ళీ తొడుక్కున్నారు. మగవాళ్ళు టోపీ తీస్తే బాగుంటుంది. గట్టిగా మాట్లాడకూడదన్నది ఎక్కడైనా ఒకటే. ఈ చర్చిలో ఇప్పుడు ప్రతి వారం ప్రార్థనలు జరగవు. ఊరే తరలిపోయాక వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. వాడకంలో లేని చర్చిలని కాపాడే చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్ట్ దీన్ని చూసుకుంటోంది. అంటే బంగళావాళ్ళు వేరు, చర్చివాళ్ళు వేరు. లోపలున్న విరాళాల పెట్టెలో వేసే నాణెం మీ టికెట్ డబ్బుల్లో కలవదు, చర్చి మరమ్మతుకే పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. చర్చి బయటికొచ్చి గుట్ట అంచున నిలబడండి. కింద పచ్చిక వాలు, దాని మధ్యలో లేత పసుపు రాతి బంగళా, వెనక నది, ఎక్కడో పడమటి హద్దులో మాల్వెర్న్ కొండల నీలిరేఖ. ఇదంతా ఒక్కసారిగా తెరుచుకుంటుంది. పొదల మధ్య నడిపించింది ఇందుకే. బండెక్కి నేరుగా బంగళాకి పోతే ఈ క్షణం దొరకదు. ఇక్కడ పది నిమిషాలు కూర్చోండి. మీరు చూస్తున్నదాన్లో సహజంగా ఉన్నది ఆ కొండలు ఒక్కటే. చెట్ల గుంపులు నాటినవి, నది తవ్వినది, పచ్చిక వాలు సర్దినది. అయినా కంటికి అనుమానం రాదు.

గొర్రెలు మేస్తూ బంగళా దాకా వచ్చేసినట్టు కనిపిస్తాయి కదా, మరి ఇంటి ముందు తోటలోకి ఎందుకు రావు? కంచె కనపడదే? అక్కడే హా-హా అనే ఉపాయం ఉంది. ఒకవైపు నిటారు గోడ, మరోవైపు ఏటవాలు ఉన్న కందకం అది. ఇంటి వైపు నుంచి చూస్తే గడ్డి తెగకుండా సాగినట్టుంటుంది, గొర్రె వైపు నుంచి చూస్తే గోడ. పిల్లలకి ముందే చెప్పి వెతకమనండి, పరుగెత్తుతూ అందులో పడకుండా మీరు కనిపెట్టుకుని ఉండండి.

దారిలో గేట్లు తీసినవాళ్ళే మూయాలి. గొర్రెలకి ఏమీ పెట్టకూడదు. పూలు కోయకూడదు. మూడోది మనవాళ్ళకి కష్టం. మా అమ్మ డాఫొడిల్ పూల మొక్కల ముందు నిలబడి, "ఇన్ని పూలు, దేవుడికి ఒక్కటి కూడా పెట్టరా వీళ్ళు?" అంది.

మూడో మెట్టు: ఖాళీ గదులని ఎలా చూడాలి

బంగళాలోకి వెళ్ళేముందు దక్షిణం వైపు మెట్ల దగ్గర ఆగండి. అటూ ఇటూ మనిషి తల, సింహం ఒళ్ళు ఉన్న స్ఫింక్స్ బొమ్మలు. రాయిలా ఉన్నా రాయి కాదు, కోడ్ స్టోన్ అనే కాల్చిన మట్టి. 1769 నుంచి లండన్‌లో దీని కార్ఖానా నడిపింది ఎలినార్ కోడ్ అనే మహిళ. రెండు వందల ఏళ్ళు దాటినా అంచులు అరగలేదు. ఈ మట్టిరాయి మీకు తోటలో ఇంకా ఎదురవుతుంది.

లోపల వస్తువులు ఎందుకు లేవన్నదే ఈ ఇంటి కథ. ఆ కథని గదుల్లోనే చదువుకోవచ్చు. నేను సూచించే క్రమం ఇది, దారి మళ్ళింపులుంటే మీరు సర్దుకోండి.

ముందుగా టాపెస్ట్రీ గది. 1763లో ఆరో ఎర్ల్ పారిస్ వెళ్ళి, ప్రసిద్ధమైన గోబెలిన్ మగ్గాల మీద గది నాలుగు గోడలకీ సరిపడా బొమ్మల నేత ఆర్డర్ ఇచ్చాడు. అద్దకం కాదు, గీసినవి కాదు, పోగుపోగుగా నేసిన బొమ్మలు. బొమ్మలకి చిత్రకారుడు బూషే రూపమిచ్చాడు. కుర్చీల గుడ్డలు కూడా అదే నేతలో. మగ్గం మీద పని ఎంత నెమ్మదో తెలిసిన పోచంపల్లి, గద్వాల ప్రాంతాలవాళ్ళకి ఇక్కడ విడిగా చెప్పాల్సింది లేదు. 1902లో తొమ్మిదో ఎర్ల్ ఆ నేతలని పారిస్ వ్యాపారికి అమ్మేశాడు. ఇప్పుడవి న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ ఈ గది గదినే నిలబెట్టి చూపిస్తున్నారు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళూ, మీరు న్యూయార్క్‌లో ఆ ఎర్ర గది చూసి ఉంటే, దాని ఖాళీ గోడలు క్రూమ్‌లో ఉన్నాయి. ఒక కుటుంబంలో అక్కడొకరు ఇక్కడొకరు ఉంటే ఫోన్లో ఫొటోలు కలిపి చూసుకోవచ్చు, మేము మా పిన్ని కూతురితో అదే చేశాం.

తర్వాత లైబ్రరీ. అల్మరాలు లేవు. ఆడమ్ గీసిన ఆ పుస్తకాల బీరువాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

లాంగ్ గ్యాలరీలో మాత్రం ఆడమ్ పని బాగా మిగిలింది. పొడవాటి గది, పైకప్పు నిండా గళ్ళు గళ్ళుగా గచ్చు, పొయ్యి గూటికి అటూ ఇటూ పాలరాతి స్త్రీమూర్తులు. వానొస్తే బయటికి వెళ్ళకుండా ఇంట్లోవాళ్ళు అటూ ఇటూ పచార్లు చేయడానికి ఇలాంటి గదులు కట్టుకునేవాళ్ళు. మీరూ ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, కిటికీలోంచి పార్కు చూడండి. బ్రౌన్ బయట చేసిన పని ఆడమ్ కిటికీలకి ఎలా ఫ్రేమ్ కట్టిందో అప్పుడు తెలుస్తుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన గది భోజనాల గది. గోడల మీది గచ్చు పూలూ తీగలూ అన్నీ ముదురు రంగులతో మెరిసిపోతుంటాయి. మిగతా ఇల్లంతా వెలిసిన తెలుపు, లేత రంగులు. ఇక్కడికి రాగానే మన ఊరి గుడి మంటపంలోకి వచ్చినట్టుంటుంది. ఊరికే అనిపించడం కాదు. పదో ఎర్ల్ 1940లో ఫ్రాన్స్‌లో యుద్ధంలో చనిపోయాడు. 1948లో ఇల్లు అమ్మేశారు. కొన్నది బర్మింగ్‌హామ్ క్యాథలిక్ చర్చి. 1950 నుంచి 1979 దాకా సన్యాసినులు ఇక్కడ పిల్లల బడి నడిపారు. ఆ తర్వాత 1979 నుంచి 1984 దాకా ఇది ఇస్కాన్‌వాళ్ళది! చైతన్య కాలేజీ అని పేరు పెట్టుకుని, ఇంగ్లండ్‌లో తమ కేంద్రంగా వాడుకున్నారు. ఆ రంగులు వాళ్ళు వేసినవే. ట్రస్ట్ ఇల్లు బాగుచేసేటప్పుడు ఆ రంగులని గోకి తీసేయకుండా వదిలేశారు.

మా నాన్న ఆ గదిలో చాలాసేపు నిలబడ్డారు. "ఈ పై తీగకి ఆకుపచ్చ వేసినవాడు ఎంత ఓపికగా వేశాడో చూడు" అన్నారు. పద్ధెనిమిదో శతాబ్దపు తెలుపు చెడిపోయిందని బాధపడే సందర్శకులూ ఉంటారు. నేను నాన్న పక్షం. బాగుచేయడమంటే ఒక్క యజమాని కాలానికి వెనక్కి తిప్పి మిగతావాళ్ళని తుడిచేయడం కాదు కదా. ఎర్ల్ పేరు చెప్పుకునే ఇంట్లో కృష్ణభక్తుల కుంచె గీతలకి కూడా చోటు దొరికింది, అదే ఈ ఇంటికి పునరుద్ధరణ చేసినవాళ్ళ మీద నాకు గౌరవం కలిగించింది.

1984 తర్వాత ఇల్లు చేతులు మారుతూ పోయింది. చివరికి 2007లో ఒక ధర్మనిధి కొని నేషనల్ ట్రస్ట్‌కి లీజుకిచ్చింది, 2009లో జనానికి తెరిచారు. పార్కు మాత్రం అంతకు ముందే, 1996లోనే ట్రస్ట్ చేతికొచ్చింది. పచ్చికలో చాలాభాగం అప్పటికే దున్నేసి పంటలు వేసుకుంటున్నారు. దాన్ని తిరిగి పచ్చికగా మార్చి, పూడిక తీసి, చెట్లు నాటారు. ఇంటి పక్కనున్న ఎర్ర ఇటుక భాగం చూడండి, రెడ్ వింగ్ అంటారు. నౌకర్లు, వంటా వార్పూ ఉన్న చోటు. కోవెంట్రీల గదులకి దక్కిన మరమ్మతు దానికి ఆలస్యంగా, అరకొరగా దక్కింది. ఎక్కడైనా ముందు బాగుపడేది దొరగారి గదే.

గదుల్లో నిలబడే వాలంటీర్లు రిటైరైన పెద్దవాళ్ళు. మనం చూపు తప్పించి పోతే పలకరించరు, ఒక్క ప్రశ్న అడిగితే పావుగంట చెప్తారు. ఎర్ల్ మొదటి భార్య మరియా గన్నింగ్ గురించి అడగండి. ఆ కాలంలో లండన్ వీధుల్లో జనం ఎగబడి చూసిన అందగత్తె. మొహానికి సీసం కలిసిన తెల్లపొడి పూసుకునే అలవాటుండేది. 1760లో ఇరవైల్లోనే చనిపోయింది, ఆ సీసమే విషమైందని చెప్తారు. ఫెయిర్‌నెస్ క్రీముల ప్రకటనలు చూస్తూ పెరిగినవాళ్ళకి ఆమె కథ దూరపుదనిపించదు.

ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు. వీపు సంచిని ముందుకి వేసుకోండి, గచ్చు గోడలకి తగులుతుంది.

మధ్యాహ్నం తిండి

బంగళాలోనూ, రిసెప్షన్ దగ్గరా టీ, కేకులు, సాండ్‌విచ్‌లు దొరుకుతాయి. స్కోన్ అనే చిన్న బన్ను ఒకటి తినండి, బాగుంటుంది. కడుపు నిండాలంటే మాత్రం పులిహోర కట్టుకెళ్ళడమే మేలు. పచ్చిక మీద దుప్పటి పరుచుకుని తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు. చెత్త తిరిగి సంచిలో వేసుకోండి. పెరుగన్నం డబ్బా మూత సరిగా పెట్టుకోండి, ఇది స్వానుభవం.

నాలుగో మెట్టు: నీళ్ళ వెంట నడక

తిన్నాక నది వెంట నడవండి. వంపులు చూసి ఇది నిజంగా నదేనేమో అనిపిస్తుంది. నీళ్ళ చివరలు చెట్ల వెనక దాచేసి, ఎక్కడో పుట్టి ఎక్కడికో పోతున్నట్టు భ్రమ కల్పించాడు బ్రౌన్. చెరువు మధ్య చిన్న దీవి, దాని మీద మంటపం. ఒడ్డున గుహలా పేర్చిన రాళ్ళ మధ్య సబ్రీనా పడుకుని ఉంటుంది, సెవెర్న్ నదికి అధిదేవత. మనకి గోదావరి తల్లిలా అనుకోండి. ఆమె కూడా కోడ్ స్టోనే.

చెరువు దగ్గరే బ్రౌన్ స్మారకం ఉంది. ఆయన పోయిన పధ్నాలుగేళ్ళకి, 1797లో ఎర్ల్ పెట్టించాడు. బురదలోంచి ఈ తోటని సృష్టించాడని దాని మీద చెక్కించాడు. తోటమాలికి జమీందారు గుర్తుగా రాయి నిలపడం అన్నది ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. కాలువలు తవ్వినవాళ్ళ పేర్లు దాని మీద లేవు.

అక్కణ్ణుంచి పొదల దారుల్లో తిరిగి, ఆడమ్ కట్టిన టెంపుల్ గ్రీన్‌హౌస్‌కి వెళ్ళండి. చూడ్డానికి రోమన్ గుడి, ముందు స్తంభాలు. ఇంగ్లండ్ చలికి తట్టుకోలేని వేడి దేశాల మొక్కల్ని చలికాలంలో ఇక్కడ దాచేవాళ్ళు. ఎర్ల్‌కి మొక్కల పిచ్చి, దూరదేశాల నుంచి తెప్పించిన జాతులు వందల్లో ఉండేవి. ఇంటికి మరో వైపు గుట్ట వాలున గుండ్రటి రొటుండా ఉంది. అలసిపోతే కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. అక్కణ్ణుంచి మళ్ళీ పార్కు మొత్తం కనిపిస్తుంది, పొద్దున చర్చి దగ్గర చూసినదే ఇప్పుడు మరో వైపు నుంచి.

ఓపిక, సమయం మిగిలితేనే

దూరంగా చెట్ల మీద కనిపించే పనోరమా టవర్, కూలిన కోటలా కావాలని కట్టిన డన్‌స్టాల్ కాజిల్ పార్కు అంచుల్లో ఉంటాయి. టవర్‌కి వెళ్ళాలంటే ఎం5 దాటాలి. 1960ల్లో వేసిన ఆ మోటర్‌వే ఎర్ల్ పార్కుని అడ్డంగా కోసేసింది, లారీల హోరు వినిపిస్తూనే ఉంటుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు రెండూ వదిలేయొచ్చు.

గోడల తోట మాత్రం తెరిచిన రోజైతే వదలకండి. సుమారు ఏడెకరాలు, ఎత్తయిన ఇటుక గోడల మధ్య. ఇది ట్రస్ట్‌ది కాదు, సొంతదారులు బాగుచేసుకుంటున్నారు. టికెట్ వేరు, వేసవిలో కొన్ని రోజులే తెరుస్తారు, ముందే చూసుకోవాలి. లోపలి గోడల్లో ఒకదాని గుండా పొయ్యి వేడిని పంపి, దాన్ని ఆనుకుని పళ్ళచెట్లు పెంచేవాళ్ళు. గోడ మీద చెయ్యి పెట్టి, దాన్ని చలికాలంలో వెచ్చగా ఉంచడానికి ఎవరు రాత్రుళ్ళు లేచి బొగ్గు వేశారో ఊహించుకోండి.

చివరి మెట్టు: పొద్దున దాటొచ్చిన షెడ్లు

తిరిగి రిసెప్షన్ దగ్గరికి వచ్చాక, పిల్లలని ఆటస్థలంలో వదిలి, పక్కనున్న చిన్న ఆర్.ఏ.ఎఫ్. (బ్రిటిష్ వైమానిక దళం) డెఫర్డ్ మ్యూజియంలోకి వెళ్ళండి. అరగంట చాలు. సాయంత్రం త్వరగా మూసేస్తారు కనుక వేళ పొద్దున్నే అడిగి ఉంచుకోండి.

యుద్ధకాలంలో ఈ పార్కు పక్కనే రహస్య విమానాశ్రయం ఉండేది. మాల్వెర్న్‌లోని శాస్త్రవేత్తలు తయారుచేసిన రాడార్లని విమానాల్లో బిగించి 1942 నుంచి ఇక్కడ ఎగిరించి చూసేవాళ్ళు. చీకట్లో, మబ్బుల్లో నేలనీ శత్రువునీ చూడగల యంత్రాలవి. పైలట్ చెయ్యి పడకుండా విమానం తనంతట తాను దిగిన తొలి ప్రయత్నాల్లో ఒకటి 1945 జనవరిలో ఇక్కడే జరిగింది. ఆ పనికి మూల్యమూ ఉంది. 1942 జూన్ 7న ఇక్కణ్ణుంచి రాడార్ పరీక్షకి లేచిన హాలిఫాక్స్ విమానం కూలిపోయి, అందులో ఉన్న 11 మందీ చనిపోయారు. వాళ్ళలో ఒకరు అలన్ బ్లమ్లైన్. ధ్వనిని రెండు దారుల్లో పట్టి రెండు స్పీకర్లలో వినిపించే స్టీరియో పద్ధతికి 1931లో పేటెంట్ వేసిన ఇంజనీరు. యుద్ధ రహస్యం కనుక ఆ ప్రమాదం వార్త అప్పట్లో బయటికి రానివ్వలేదు.

మా నాన్న అక్కడ ఏమీ మాట్లాడలేదు. కారెక్కాక ఘంటసాల పాట పెట్టమన్నారు. ఎం5 మీదికి ఎక్కుతుంటే తల కాస్త ఎడమకీ, కాస్త కుడికీ వంచి విని, "ఇది పాత రికార్డింగురా, రెండువైపులా ఒకటే వస్తోంది. కొత్తదేదైనా పెట్టు" అన్నారు.